రూపాయి గుర్తును లినక్స్ యంత్రముపై వ్రాయుటయు చూచుటయు

మన నాణెములమీదను, నోట్లమీదను, అంగడి బిల్లులమీదను నేడు కనబడు ₹ అను గుర్తు మన విద్యార్థులకు చిరపరిచితము. పలకపై వ్రాయుమన్నచో మూడవ తరగతి బాలుడు సైతము రెండు అడ్డగీతలు గీచి, ఒక వంపు త్రిప్పి, క్రిందికి వాలుగీత దించి క్షణములో చూపును. కాని దానినే కంప్యూటరుపై వ్రాయుమన్నచో పై తరగతులవారును తడబడుదురు. మీటల పలకపై డాలరు గుర్తు తప్పక యుండును. రూపాయి గుర్తు తరచుగా కానరాదు. ఎట్లో సంపాదించి వ్రాసినను, ఒక యంత్రముపై చక్కగా నున్నది మరియొక యంత్రముపై చిన్న చతురస్రముగానో, ప్రశ్నార్థకముగానో, అర్థము లేని మూడక్షరముల గుంపుగానో మారిపోవుట కలదు. ఇట్లేల జరుగునో, దానికి ప్రతిక్రియ యేమో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఉదాహరణమునకు లినక్స్ యంత్రములను గైకొందుము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన యూనిక్స్ పద్ధతిని అనుసరించి 1991లో లీనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్‌లాండు విద్యార్థి మొదలిడిన దిది. వెల లేక దొరకుటయే గాక, లోపలి పనిముట్లను ఒక్కొక్కటిగా విప్పి చూచుటకు వీలిచ్చును గనుక పాఠము చెప్పువారికి మిక్కిలి యనుకూలము. ఆజ్ఞల పేర్లను పలుకునట్లుగా తెలుగులో వ్రాయుచున్నాము. యంత్రముపై వానిని ఆంగ్లమున చిన్నక్షరములతో వ్రాసికొనవలెను.

ఇది యందచందముల సంగతి మాత్రమే యని చదువరులు తలపకుందురు గాక. డబ్బు లెక్కలో గుర్తు తప్పుట అంకె తప్పుటకు దగ్గరి చుట్టము. ఐదువందల రూపాయల రుసుము పదునైదు వందలవలె కనబడు విధమును, ఐదువందల డాలర్ల చందా రెండు సున్నలుగా మిగులు విధమును ఈ వ్యాసములోనే చూపుదుము.

అచ్చుకూటమునకు బోయి చూచినవారికి మా మాట సులభముగా బోధపడును. అక్షరములు కూర్చువాని యెదుట గళ్లుగళ్లుగా నున్న పెట్టె యుండును. ఏ గడిలో ఏ అక్షరమో నిర్ణయము గలదు. ఆ గడిలో సీసపు అచ్చు ఉండవలెను. అతని చేయి ఆ గడికి అలవాటు పడి యుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను కాగితముపై అక్షరము పడదు. కంప్యూటరునందును అట్లే. గడికి బదులు సంకేతసంఖ్య. సీసపు అచ్చునకు బదులు ఫాంటులోని రూపము. చేతి అలవాటునకు బదులు మీటల అమరిక. రూపాయి గుర్తు కనబడలేదని ఫిర్యాదు చేయువారు ఈ మూడింటిలో లోపము దేనియందున్నదో విచారింపక, అన్నిటిని ఒక్కమారు మార్చివేసి, ఉన్నదానిని గూడ చెరుపుకొందురు.

మొదట సంఖ్యను గూర్చి. యంత్రమునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. మన గుర్తును ఉదయకుమార్ గారు రూపొందించిరి. 2010 జూలై 15వ తేదీన భారత ప్రభుత్వము దానిని అంగీకరించెను. దేవనాగరి ‘ర’కారమును, నిలువుగీత తీసిన ఆంగ్ల ‘ఆర్’ అక్షరమును అందు కలిసియున్నవి. లోకమందలి లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడ్ వారు అదే సంవత్సరము అక్టోబరులో వెలువడిన 6.0 ప్రతియందు దీనికి స్థానమిచ్చిరి. మూడు మాసములలో ఒక గుర్తునకు స్థిరమైన చోటు దొరకుట సామాన్యము కాదు.

ఆ స్థానము షోడశాంశ లెక్కలో 20బీ9. షోడశాంశమన 16 మూలముగా గల లెక్క. 0 మొదలు 9 వరకు మన అంకెలే, తరువాత 10 మొదలు 15 వరకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అను ఆంగ్లాక్షరములు. కావున బీ యనగా 11. దీనిని మన దశాంశ లెక్కకు మార్చుట ఎనిమిదవ తరగతివారికి సాధ్యమే: 2ను 4096చే గుణింప 8192, తరువాతి సున్నకు ఏమియు లేదు, 11ను 16చే గుణింప 176, కడపట 9. మొత్తము 8377. రూపాయి గుర్తు అనగా యంత్రమునకు 8377 అను సంఖ్యయే గాని వేరు కాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. 8360వ స్థానమున ఆంగ్లమున ‘ఆర్’, ‘ఎస్’ అను రెండక్షరములు కలిసినట్లుండు ₨ అను పాత గుర్తు కలదు. అదియు రూపాయలకు గుర్తే. కాని మన దేశపు క్రొత్త గుర్తు కాదు. పట్టికలో దానిని చూచి తొందరపడి ఎత్తి వ్రాయువారు కలరు.

8377 అను సంఖ్యను ఫైలులో ఎట్లు దాచుదురు? యంత్రపు జ్ఞాపకములో ఒక్కొక్క అరకు బైటు అని పేరు. ఒక బైటులో 0 మొదలు 255 వరకే పట్టును. అందుచేత పెద్ద సంఖ్యను ముక్కలు చేయవలెను. ఇందులకు నేడు లోకమంతట వాడుకలోనున్న పద్ధతి యూటీఎఫ్-8. యూనిక్స్ కర్తలలో నొకడైన కెన్ థాంప్సన్, తన సహచరుడగు రాబ్ పైక్‌తో 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలయందు కూర్చుండి, పళ్లెము క్రింది కాగితముపై దీని రూపురేఖలు గీచెను. గొప్ప పనులన్నియు గొప్ప గదులలోనే జరుగునని తలచు బాలురు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

పద్ధతి యిది. 8377ను 64చే భాగింప 130 లబ్ధము, 57 శేషము. ఆ 130ని మరల 64చే భాగింప 2 లబ్ధము, 2 శేషము. కాబట్టి మనకు 2, 2, 57 అను మూడు ముక్కలు వచ్చినవి. మొదటిదానికి 224ను, తక్కిన రెంటికి 128 చొప్పునను కలుపవలెను. అప్పుడు 226, 130, 185 అగును. ఈ మూడు బైట్లే రూపాయి గుర్తు. మూడు బైట్ల కుటుంబమని మొదటి సంఖ్యయే చెప్పును. 128 మొదలు 191 వరకు గల బైటు కనబడినచో అది నడిమి ముక్కయేగాని అక్షరపు ఆరంభము కాదని తెలియును. మన తెలుగు అక్షరములును ఈ పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లే గైకొనును.

ఈ మూడు సంఖ్యలను విద్యార్థులు కంఠస్థము చేయుదురు గాక యని మా కోరిక. ఏలయన తెరపై ఏమి కనబడినను, ఫైలులో నిజముగా ఏమున్నదో తేల్చుకొనుటకు ఇదియే సాక్ష్యము. ఓడీ అను పాత యూనిక్స్ ఆజ్ఞకు ‘-టీయూ1’ అను సూచన జోడించి ఫైలు పేరు ఇచ్చినచో, లోపలి బైట్లన్నిటిని దశాంశ సంఖ్యలుగా పరచి చూపును. అందు 226 130 185 వరుసగా నున్నచో మీ రూపాయి క్షేమముగా నున్నది. లోపము చూపించు యంత్రమునందే గాని ఫైలునందు లేదు. ఆ మూడును లేకున్నచో తెరపై ఎంత యందముగా కనబడినను అది రూపాయి కాదు.

ఈ కడపటి వాక్యము కొందరికి వింతగా తోచును. తెరపై రూపాయి గుర్తు కనబడుచుండ అది రూపాయి కాదనుట యెట్లు? ఇందుకు 2010లో జరిగిన సంగతియే నిదర్శనము. ప్రభుత్వము గుర్తును ప్రకటించినప్పుడు దానికింకను యూనికోడ్ సంఖ్య లేదు. ఆత్రపడిన జనులకొరకు కొందరు ఒక యుపాయము పన్నిరి. మీటల పలకపై 1 అంకెకు ఎడమవైపున ` అను చిన్న వాలుగీత గుర్తు గలదు. దాని సంఖ్య 96. ఒక క్రొత్త ఫాంటు చేసి, అందు 96వ గడిలో ఆ వాలుగీతను తీసివేసి రూపాయి బొమ్మను పెట్టిరి. ఆ ఫాంటు ఎక్కించుకొని ఆ మీట నొక్కినచో రూపాయి గుర్తు కనబడును. అందరును సంతోషించిరి.

కాని ఫైలులో ఉన్నది 96 మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రమునకు పంపినంతనే ₹500 అనునది `500 అయి కూర్చుండును. ఫైలులో రూపాయలను వెదకుమని యంత్రము నాజ్ఞాపించినచో ఒక్కటియు లేదనును. చూపు లేని విద్యార్థికి ఫైలును చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. అవి సంఖ్యను చదువునే గాని బొమ్మను చూడవు గనుక, ఆ బాలునికి రూపాయి యను మాటయే వినబడదు. యూనిక్స్ టెర్మినల్‌లో అంటించినచో మరియొక చిక్కు. అచ్చట ఆ వాలుగీతకు ‘ఈ లోపలిదానిని ఆజ్ఞగా నడుపుము’ అని యర్థము. ఒక్కటియే వ్రాసి ఎంటర్ నొక్కినచో, జతగీత ఎప్పుడు వచ్చునా యని యంత్రము నోరు తెరచుకొని కాచుకొనియుండును. సామెతల గ్రంథమున చెప్పబడిన దొంగత్రాసు మాకు ఇట్టిచోట్ల జ్ఞాపకము వచ్చును. అచ్చటను పైకి చూపునది యొకటి, లోపల తూగునది మరియొకటి. ఆ ఫాంటు చేసినవారు మోసగాండ్రు కారు, అవసరము తీర్చదలచినవారే. అయినను నేటికిని పాత కార్యాలయ పత్రములలో ఆ వాలుగీతలు మిగిలియున్నవి. సరియైన సంఖ్య వచ్చి ఏండ్లు గడచిన తరువాత ఆ ఉపాయమును పట్టుకొని వ్రేలాడుట తగదు.

ఈ రోగము మన రూపాయితో పుట్టినది కాదు. ఆస్కీ యను పాత పట్టికలో 128 గళ్లే యుండెను. అమెరికావారి # గుర్తు 35వ గడిలో నుండగా, ఆ గడిలోనే బ్రిటనువారు తమ పౌను £ గుర్తును పెట్టుకొనిరి. జపానువారు 92వ గడిలో తమ ¥ గుర్తును ఉంచిరి. అమెరికాలో అది వెనుకకు వాలిన గీత. యూరో నాణెము వచ్చినప్పుడు 1999 నాటి ఐఎస్ఓ 8859-15 పట్టికలో, అంతకుముందు ¤ అను సామాన్య ద్రవ్యచిహ్నమున్న 164వ గడిని € గుర్తున కిచ్చిరి. ఒకే సంఖ్యకు దేశదేశమున నొక యర్థము! ఒక గడిలో ఒకే గుర్తు, అదియు లోకమంతట, అను నియమము నిలుచుటకు యూనికోడ్ రావలసివచ్చెను.

ఇక రూపము. సంఖ్య సరిగా నున్నను, ఫాంటులో ఆ గడి ఖాళీగా నున్నచో చతురస్రము కనబడును. నేటి లినక్స్ పంపిణీలలో ఈ లోపము అరుదు. ఉబుంటు 10.10 ప్రతి 2010 అక్టోబరులో వెలువడినప్పుడే దాని స్వంత ఫాంటునందు రూపాయి గుర్తు చేరియుండెను. నోటో, డేజావూ ఫాంటులందును నేడు కలదు. ఒక ఫాంటులో లేనియెడల ఉన్న మరియొక ఫాంటునుండి లినక్స్ తానే యెరువు తెచ్చుకొనును. అందుచేత ఒక్కొక్కప్పుడు అంకెలు సన్నముగాను గుర్తు లావుగాను కనబడును. దానికి భయపడ పనిలేదు. ఏ యే ఫాంటులలో మన గుర్తున్నదో తెలిసికొనగోరినచో ఎఫ్‌సీ-లిస్ట్ అను ఆజ్ఞ వ్రాసి, ఎడమిచ్చి, ‘:చార్‌సెట్=20బీ9’ అని చేర్చవలెను. పేర్ల పట్టిక వచ్చును. ఏమియు రాకున్నచో అప్పుడు ఫాంటు తెచ్చుకొనవలెను, అంతకుముందు కాదు.

బొమ్మల తెర లేక నల్లని తెరపై అక్షరములు మాత్రమే కనబడు కన్సోలు సంగతి వేరు. కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్3 నొక్కినచో సామాన్యముగా అది ప్రత్యక్షమగును. ఆ తెరకు ఒక ఫాంటులో 512 రూపములకు మించి పట్టవు. అన్ని దేశముల ద్రవ్యచిహ్నములకు అందు చోటెక్కడిది? అచ్చట రూపాయికి బదులు మరేదో గుర్తు కనబడినను ఫైలు చెడినదని యెంచరాదు. ఓడీ ఆజ్ఞతో సాక్ష్యము చూచుకొని, బొమ్మల తెరకు మరలి వచ్చినచో చాలును.

ఇతరులకు పంపు ప్రకటనలను, రుసుము పట్టికలను పీడీఎఫ్‌గా మార్చి, ఫాంటును అందే పొదిగి పంపుట మేలు. పీడీఎఫ్‌ఫాంట్స్ అను ఆజ్ఞ, ఫాంటు పొదుగబడినదో లేదో చెప్పును.

మూడవది మీట. బాలురు మమ్ము ముందుగా అడుగునది ఇదియే. లినక్స్ అమరికల పేజీలో కీబోర్డు భాగమునకు బోయి, ‘ఇంగ్లీషు, ఇండియా, రూపాయితో’ అను అర్థమిచ్చు అమరికను చేర్చుకొనవలెను. అది అమెరికా అమరికయే; అక్షరములేవియు స్థానము తప్పవు. కుడివైపు ఆల్ట్ మీటను అదిమిపట్టి 4 నొక్కినచో ₹ పడును. షిఫ్టుతో 4 నొక్కిన డాలరు, కుడి ఆల్ట్‌తో 4 నొక్కిన రూపాయి. పొరుగిండ్లవలె నున్నవి గనుక జ్ఞాపకము సులభము. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికయందును రూపాయికి అదే చోటు. ఎడమవైపు ఆల్ట్ నొక్కి ‘రాలేదు’ అనువారు చాలమంది. కుడివైపుదానికే ఈ యధికారము.

అమరిక మార్చుటకు అనుమతి లేని యంత్రముపై కూర్చున్నచో మరియొక మార్గము. కంట్రోల్, షిఫ్టు మీటలను పట్టి యూ అక్షరము నొక్కి విడిచి, 2, 0, బీ, 9 వరుసగా కొట్టి ఎంటర్ నొక్కవలెను. చాల ప్రోగ్రాములలో ఇది పనిచేయును, కొన్నింటిలో పనిచేయదు. విమ్ అను లేఖినిలో వ్రాయు స్థితియందుండి, కంట్రోల్‌తో వీ, తరువాత యూ, పిమ్మట ఆ నాలుగే. ఈమాక్స్ వాడువారు కంట్రోల్‌తో ఎక్స్, పిదప 8, ఎంటర్, ఆ నాలుగు, మరల ఎంటర్. ఈ సంఖ్యను నేర్చుకొనుటలోని లాభము చూచితిరా? ప్రోగ్రాము మారినను పేరు మారదు.

కంపోజ్ మీట యని మరియొకటి నిర్ణయించుకొను వాడుక కలదు. దానిని నొక్కి, సమచిహ్నమును ఈ అక్షరమును వరుసగా కొట్టినచో యూరో వచ్చును. ఇట్టి జతలను మనమే కల్పించుకొనవచ్చును. స్వంత ఫోల్డరులో చుక్కతో మొదలగు ‘ఎక్స్‌కంపోజ్’ అను ఫైలు వ్రాసికొని, మనకు నచ్చిన రెండు మీటలకు రూపాయి గుర్తును ముడివేయుటయే. చేతికి ఆల్ట్ మీట అందని చిన్నవారికి ఇది సుఖము.

మీటలు లేకయే గుర్తును పుట్టించు విద్యయు కలదు. ప్రింట్‌ఎఫ్ అను ఆజ్ఞకు బైట్లను అష్టాంశ లెక్కలో, అనగా 8 మూలముగా చెప్పవచ్చును. 226, 130, 185లను అష్టాంశమునకు మార్చినచో 342, 202, 271 వచ్చును. ప్రింట్‌ఎఫ్ అని వ్రాసి, దాని వెంట '\342\202\271' అని ఒంటి కొటేషన్ల నడుమ పెట్టి ఎంటర్ నొక్కుడు. తెరపై రూపాయి నిలుచును. ఈ మూడు అష్టాంశ సంఖ్యలు మరియొకచోట మనకు ఎదురుపడును. ఫైలు పేరులోనే ₹ గుర్తు పెట్టి, ‘సీ’ యను పురాతన స్థానికపు అమరికతో నడుచు యంత్రముపై ఎల్ఎస్ ఆజ్ఞతో పేర్ల జాబితా చూచినచో, నేటి ఎల్ఎస్ గుర్తును చూపక \342\202\271 అనియే చూపును. తెలియనివాడు ఫైలు పాడైనదని తుడిచివేయును. తెలిసినవాడు ‘ఇది మన రూపాయియే’ అని గుర్తించును.

ఇప్పుడు మొదట మాట యిచ్చిన రెండు ఉదాహరణములు చూపుదుము.

అమెరికాలో స్థిరపడిన పూర్వవిద్యార్థి యొకడు పాఠశాలకు ఐదువందల డాలర్లు పంపెననుకొందము. లెక్క వ్రాయు బాలుడు టెర్మినల్‌లో ఎకో అను ఆజ్ఞ వెంట "చందా $500" అని జంట కొటేషన్లలో వ్రాసి, ఫైలులోనికి పంపును. ఫైలు తెరచి చూడగా ‘చందా 00’ అని యుండును! దొంగ యెవడును రాలేదు. యూనిక్స్ షెల్‌లో డాలరు గుర్తు ద్రవ్యచిహ్నము కాదు. ‘దీని తరువాతి పేరుగల పెట్టెలో ఏమున్నదో తెచ్చి యిచ్చట పెట్టుము’ అను నాజ్ఞ. $5 అనగా ఐదవ పెట్టె. అందేమియు లేదు గనుక శూన్యము పెట్టి, మిగిలిన రెండు సున్నలను వ్రాసినది. ఒంటి కొటేషన్ల నడుమ '$500' అని వ్రాసినచో షెల్ దానిని ముట్టదు. మన రూపాయి గుర్తునకు షెల్‌లో ఎట్టి రహస్యార్థమును లేదు; ఎట్లు వ్రాసినను అట్లే యుండును. ఈ యొక్క విషయమున మన గుర్తు డాలరు కన్న భాగ్యవంతురాలు.

రెండవ యుదాహరణము మరింత ప్రమాదకరము. రుసుము పట్టికలో ₹500 అని సరిగా వ్రాసి, యూటీఎఫ్-8లోనే దాచి, మరియొక కార్యాలయమునకు పంపితిమి. అచ్చటి ప్రోగ్రాము ఆ ఫైలును పాతదగు విండోస్-1252 పట్టిక ప్రకారము చదివినది. ఆ పట్టికలో ఒక్కొక్క బైటునకు ఒక్కొక్క అక్షరము. 226 అనగా టోపీ పెట్టుకొన్న చిన్న ఆంగ్ల ‘ఏ’. 130 అనగా కామా వంటి గుర్తు. 185 అనగా పైకెత్తి వ్రాసిన చిన్న ఒకటి. అనగా రూపాయి గుర్తు మూడు తునకలై, కడపటి తునక 500కు అంటుకొని ¹500 అగును. ముందున్న రెండును పిచ్చిగీతలని తలచి తుడిచివేసి, మిగిలినది చక్కగా ఎత్తి వ్రాయు గుమాస్తాకు ఏమి కనబడును? 1500. ఐదువందలు తెచ్చిన కూలివాని కుమారునికి ఇంకను వేయి బాకీ యున్నదని చెప్పుటకు ఇంతకన్న సులభమైన దారి లేదు. వచ్చిన పట్టికలో ఈ మూడు తునకలు కనబడినచో ఒక్కటియు తుడువరాదు. ఫైలును మూసి, మరల తెరచునపుడు అక్షరపట్టికగా యూటీఎఫ్-8ను ఎన్నుకొనవలెను. లిబ్రే ఆఫీస్ వంటివి కామాలతో వేరుచేసిన పట్టికను తెరచునపుడు ఈ ప్రశ్నను అడుగును. చూడక ‘సరే’ నొక్కుట మనవారి వాడుక. తునకలతోనే మరల దాచినచో చికిత్స కష్టమగును.

గుర్తును గూర్చి విచారింపని మరియొక పనిముట్టు గలదు. దానికి లొకేల్ అని పేరు. అనగా దేశభాషల ఆచారముల పట్టిక. ఇందులో భారతదేశమునకు చెందిన ఆంగ్లము, తెలుగు మొదలగు పట్టికలయందు ద్రవ్యచిహ్నము ₹ అనియు, వర్తకుల మూడక్షరముల పేరు ఐఎన్ఆర్ అనియు వ్రాసియున్నది. లొకేల్ అను ఆజ్ఞయే వానిని చెప్పును. మన లెక్కలో మొదటి మూడంకెల తరువాత రెండేసి అంకెలకు కామా పెట్టుదుము గదా. 12,34,567 అను ఆ పద్ధతియు అచ్చటనే నమోదైనది. అమెరికా పట్టికను పెట్టుకొని మన లెక్కలు వ్రాయుటచేతనే లక్షలు కనబడక మిలియనులు కనబడుచున్నవి.

‘రూ.’ అను మన పాత వాడుక తప్పా యని కొందరడుగుదురు. తప్పు కాదు. తెలుగులో అది చక్కని సంక్షేపము. ఏ యంత్రముపైనను తెలుగు కనబడిన చోటనెల్ల కనబడును. ఎదుటి యంత్రము ఎట్టిదో తెలియనప్పుడు అనుమానపు గుర్తుకన్న నమ్మకమైన ‘రూ.’ మేలు. దేనారముమీది రూపమును చూపి ప్రభువు ప్రశ్నించిన ఘట్టము మన బాలబాలికలు ఆదివారపు బడిలో చదివినదే. ఆ నాణెముమీద రూపమును పైవ్రాతయు రెండును ఉండెను. రూపము చూడనివాడు పైవ్రాత చదివికొనవచ్చును. మన ‘రూ.’ అట్టి పైవ్రాత యని మేమనుకొందుము.

ఈ సెలవులలో చేయదగిన అభ్యాసమొకటి చెప్పి విడిచెదము. మీ యింటి వారపు సరకుల ధరలను ₹ గుర్తుతో ఒక ఫైలులో వ్రాయుడు. కుడి ఆల్ట్ మార్గమున కొన్ని, సంఖ్యను కొట్టు మార్గమున కొన్ని, ప్రింట్‌ఎఫ్ చేత నొకటి వ్రాయుడు. ఓడీ ఆజ్ఞతో బైట్లను పరచి, 226 130 185 ఎన్ని మారులు వచ్చినదో లెక్కించి, మీరు వ్రాసిన ధరల సంఖ్యతో సరిపోల్చుడు. పిమ్మట యూరో సంకేతసంఖ్య 8364ను 64చే రెండుమారులు భాగించి, దాని మూడు బైట్లను కాగితముపై కనుగొని, యంత్రముపై సరిచూడుడు. బడి తెరచిన పిదప ఆ కాగితములను మాకు చూపవచ్చును.